మిద్యాను గుడారములు

పఠనీయ భాగములు: నిర్గమ. 2:15–3:6, 18:1–27, న్యాయా. 6:1–6, యిర్మీయా 35:1–19, యెషయా 60:1–7

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ పట్టణమున ట్రాఫిక్ అను పేట కలదు. రైల్వే మాటయే ఆ పేటకు పేరైనది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, 19వ శతాబ్దాంతమున ఆ ఎర్రమట్టి నేలమీద జంక్షనును, దాని వెంబడి గొప్ప కర్మాగారమును నెలకొల్పినప్పుడు, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగు కుటుంబములనేకము పనికొరకు అక్కడికి తరలిపోయెను. 1955లో ఆ మార్గము ఆగ్నేయ రైల్వే అయినది. తరములు గడచినవి. ట్రాఫిక్, మథురాకాటి, నీంపురా పేటలలో తెలుగు మాట నేటికిని వినబడుచున్నది. అయితే ఒక నియమము మాత్రము మారలేదు. రైల్వే క్వార్టరులో పుట్టి పెరిగినవాడైనను, ఉద్యోగ విరమణ అయిన పిమ్మట ఆ ఇంటి తాళపుచెవి అప్పగించి వెడలిపోవలసినదే. ముంగిట నాటిన మామిడిచెట్టు నీడ అటుపిమ్మట మరియొకరిది.

ఇట్టి బ్రతుకు నెరిగినవారికి బైబిలులోని గుడారవాసుల చరిత్ర అంత దూరపు సంగతి కాదు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు గుడారములలో నివసించిరని హెబ్రీ పత్రిక జ్ఞాపకము చేయుచున్నది (11:9). కాని వారు మాత్రమే గుడారవాసులు కారు. వారి చుట్టును, వారి బంధువులుగాను, కొన్నిసార్లు వారి శత్రువులుగాను, ఎడారియందు సంచరించిన జనములు వేరుగా ఉండెను. మిద్యానీయులు, కేనీయులు, అమాలేకీయులు, ఇష్మాయేలీయులు, కేదారీయులు అట్టివారు. సాధారణముగా ప్రసంగములలో వీరి పేర్లు యుద్ధముల సందర్భముననే వినబడును. లేఖనమంతయు చదివినయెడల వారి కథ అంత సులువుగా ముగియదు. ఈ పాఠమున ముఖ్యముగా మిద్యానును గూర్చి ఆలోచింతము.

1. అరణ్యము అను మాట

మొదట ఒక మాటను సవరించుకొనవలెను. తెలుగు బైబిలులో అరణ్యము అని తరచుగా కనబడుచోట హెబ్రీ మూలమున మిద్బార్ అను పదమున్నది. అరణ్యమనగానే తెలుగు చదువరి మనస్సునకు దట్టమైన చెట్లు, తీగెలు, క్రూరమృగములు తోచును. ఖరగ్‌పూరు విశ్వాసికి మేదినీపురమునకు పడమట వ్యాపించిన సాల వృక్షముల అడవి గుర్తునకు వచ్చును. మోషే సంచరించినది అట్టి చోటు కాదు. మిద్బార్ అనగా విత్తుటకు వీలులేని, అయినను మందలను మేపుటకు వీలైన బీడు నేల. రాతికొండలు, ఎండిన వాగులు, అక్కడక్కడ తుమ్మచెట్లు, వానకాలపు కొద్ది వారములు మాత్రము మొలిచి వాడిపోవు గడ్డి, ఇదియే దాని రూపము.

వానల లెక్క చూచిన భేదము తేటపడును. ఖరగ్‌పూరులో ఏటా సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన కురియును. పితరులు బావులు త్రవ్విన బెయేర్షెబా ప్రాంతమున సుమారు 200 మిల్లీమీటర్లు మాత్రమే. అక్కడినుండి దక్షిణముగా పోయి అకబా సింధుశాఖ తీరమును చేరునప్పటికి అది 30 మిల్లీమీటర్లకు దిగిపోవును. 200 మిల్లీమీటర్ల వానతో ఏదో ఒక పంట పండినను పండవచ్చును. 30 మిల్లీమీటర్లతో ఏదియు పండదు. అక్కడ బ్రదుకదలచినవాడు నీటివెంట, గడ్డివెంట నడువవలెను. కావున సంచారము ఆ జనులకు నిలకడలేమివలన వచ్చిన దుర్గుణము కాదు. ఆ నేలయందు బ్రదుకుటకు పితరులనుండి నేర్చుకొనిన విద్య.

2. మిద్యాను దేశము

ఆదికాండము 25వ అధ్యాయమును బట్టి మిద్యాను, అబ్రాహామునకు కెతూరాయందు పుట్టిన కుమారుడు. అబ్రాహాము కెతూరా కుమారులకు బహుమానములిచ్చి తూర్పు దేశమునకు పంపివేసెను. కనుక మిద్యానీయులు ఇశ్రాయేలీయులకు పరాయివారు కారు. ఒకే తండ్రి సంతతి.

వారి ముఖ్య నివాసము అకబా సింధుశాఖకు తూర్పున, నేటి సౌదీ అరేబియా వాయవ్య భాగమున ఉండెనని పండితులలో అనేకుల అభిప్రాయము. ఎఱ్ఱని ఇసుకరాతి కొండలు, వాటి నడుమ నీటి బుగ్గలుగల ఒయాసిస్సులు అక్కడ కలవు. కురయ్యా అను ఒయాసిస్సునొద్ద రంగుల చిత్రములుగల ఒక విధమైన మట్టిపాత్రలు తయారయ్యెను. క్రీ.పూ. 13, 12 శతాబ్దములకు చెందిన అట్టి పాత్రలు, సింధుశాఖకు ఉత్తరమున సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న తిమ్నా రాగిగనులలో కూడ లభించినవి. దీనినిబట్టి ఆ దేశస్థులు గొఱ్ఱెలను మేపుటయే గాక, రాగి తీయు పనియు, దూరదేశపు వర్తకమును ఎరిగినవారని తెలియుచున్నది. యోసేపు కథలో ఐగుప్తునకు పోవుచున్న వర్తకులు మిద్యానీయులగుట (ఆది. 37:28) దీనికి సరిపోవును.

తిమ్నాలో 1969లో బెనో రోథెన్‌బర్గ్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు ఒక చిన్న గుడిని కనుగొనెను. ఐగుప్తీయులు హాతోరు దేవతకు కట్టిన గుడి యది. ఐగుప్తీయులు విడిచిపోయిన పిమ్మట ఎడారిజనులు ఆ విగ్రహపు ఆనవాళ్లను చెరిపివేసి, ఆ చోటిని తమ ఆరాధనకు మార్చుకొనిరి. ఎరుపు, పసుపు రంగుల బట్ట పేలికలు అక్కడ దొరుకుటను బట్టి, గుడిమీద గుడారమువంటి కప్పు వేసిరని ఆయన భావించెను. తలకు బంగారు రేకు తాపిన చిన్న రాగి సర్పము కూడ అచ్చట దొరికెను. ప్రత్యక్ష గుడారమును, మోషే ఎత్తిన ఇత్తడి సర్పమును చదివినవారికి ఈ వార్త ఆశ్చర్యము కలిగించును. దీనివలన బైబిలు కథ రుజువైనదని తొందరపడి చెప్పరాదు. ఆ కాలపు ఎడారియందు గుడారమే గుడియై యుండుట వింత కాదని మాత్రము చెప్పవచ్చును.

3. గుడారము, బావి, అతిథి

ఎడారిజనుల ఇల్లు మేకవెండ్రుకలతో నేసిన నల్లని గుడారము. కేదారీయుల గుడారముల నలుపును పరమగీతము ప్రస్తావించును (1:5). మన పల్లెలలో కురుమలు నేయు నల్లని గొంగళిని చూచినవారు ఆ బట్ట బరువును, మోటుదనమును ఊహించుకొనగలరు. వాన తడిసినప్పుడు వెండ్రుకపోగులు ఉబ్బి సందులు మూసికొనును. ఎండవేళ గాలిని లోనికి రానిచ్చును. గుడారపు బట్ట నేయుట, త్రాళ్లు బిగించుట, మేకులు దిగగొట్టుట స్త్రీల పని. సుత్తెయు మేకును యాయేలు చేతికి అలవాటైన పనిముట్లని తెలిసినయెడల న్యాయాధిపతులు 4:21 మరింత తేటగా అర్థమగును. దేవుడు తన ప్రత్యక్ష గుడారమునకు కప్పుగా కోరినవియు పదునొకండు మేకవెండ్రుకల తెరలే; దాని పలకలు ఎడారి తుమ్మకఱ్ఱవే (నిర్గమ. 26:7, 15). ఆయన తన జనులు నివసించునట్టి ఇంటిలోనే వారితో నివసింపగోరెను.

ఆ గుడారవాసుల బ్రదుకు బావిచుట్టు తిరుగును. బావి పోయినచో మంద పోవును, మంద పోయినచో కుటుంబము పోవును. కావున బావులనుగూర్చి జగడములు కలిగెను (ఆది. 26:17–22). పెండ్లి సంబంధములును బావియొద్దనే కుదిరెను. మరియొక ఆచారము అతిథి మర్యాద. దారి తప్పినవానికి గుడారమున చోటియ్యకపోవుట అతని చావుతో సమానము గనుక, వచ్చినవాడెవడని అడుగకముందే నీళ్లు, రొట్టె యిచ్చుట ఎడారి ధర్మము. మమ్రే యొద్ద అబ్రాహాము పరుగెత్తిపోయి ముగ్గురు మనుష్యులను ఆహ్వానించుటలో ఈ ధర్మమే కనబడుచున్నది (ఆది. 18:1–8).

4. ఆశ్రయమిచ్చిన మిద్యాను

మోషే ఐగుప్తీయుని చంపి పారిపోయినప్పుడు అతనికి స్వజనులలో చోటులేదు, ఫరో యింట చోటులేదు. అతడు మిద్యాను దేశమున ఒక బావియొద్ద కూర్చుండెను (నిర్గమ. 2:15). అక్కడి యాజకుని కుమార్తెలకు సహాయము చేసినందున వారి తండ్రి అతనిని వెదకి భోజనమునకు పిలిపించెను. ఆ కుమార్తెలు తమ తండ్రితో, ఒక ఐగుప్తీయుడు తమను కాపాడెనని చెప్పిరి. చూపునకు పరదేశి, శత్రుదేశపు వస్త్రములు ధరించినవాడు. అయినను ఆ గుడారమున అతనికి రొట్టె దొరికెను, భార్య దొరికెను, పని దొరికెను. మోషే తన కుమారునికి గెర్షోము అని పేరు పెట్టెను. ఆ పేరులో గేర్, అనగా పరదేశి, అను హెబ్రీ మాట ధ్వనించుచున్నది. పరదేశి యింటి పుట్టినబిడ్డకు ఆ పరదేశత్వమే పేరైనది. పని వెదకుకొని పరభాషా ప్రాంతమునకు పోయి, అచ్చటనే బిడ్డలను కన్న ప్రతి కుటుంబమునకు ఈ పేరు బోధపడును.

మండుచున్న పొద దర్శనము కలుగునప్పటికి మోషే మేపుచున్న మంద తనది కాదు, మిద్యాను యాజకుడైన యిత్రోది (నిర్గమ. 3:1). యెహోవా తన నామము తెలియజేసిన స్థలము ఇశ్రాయేలీయుల స్వాస్థ్యములో లేదు. ఒక మిద్యానీయుని మంద మేయు నేలలో ఉన్నది. క్రీ.పూ. 14వ శతాబ్దమున ఐగుప్తు రాజైన మూడవ అమెన్‌హోతెపు సోలెబులో కట్టించిన ఆలయపు రాతిచెక్కడములలో, షాసు అను సంచారజనుల దేశముల పేర్లున్నవి. వాటిలో ఒకటి యెహోవా నామమును పోలియున్నదని అనేకులు గుర్తించిరి. దానినిబట్టి ఏ సిద్ధాంతము కట్టినను కట్టకున్నను, ఆ నామము మొదట ఎడారి గుడారవాసుల నడుమ వినబడెనని లేఖనము చెప్పుటలో విడ్డూరము లేదు.

18వ అధ్యాయమున యిత్రో మరల వచ్చును. యెహోవా చేసిన కార్యములను విని ఆయనను స్తుతించి బలి అర్పించును. అహరోనును ఇశ్రాయేలు పెద్దలందరును వచ్చి, దేవుని సన్నిధిని అతనితో కలిసి భోజనము చేయుదురు (18:12). మరునాడు, జనులందరికి ఒంటరిగా తీర్పు తీర్చుచు అలసిపోవుచున్న అల్లుని చూచి, వేయిమందికిని నూరుమందికిని ఏబదిమందికిని పదిమందికిని అధికారులను నియమించుమని అతడు బోధించును. సీనాయి ధర్మశాస్త్రమునకు ముందే ఇశ్రాయేలు న్యాయవ్యవస్థకు పునాది వేసినవాడు ఒక మిద్యానీయుడు. మోషే ఆ సలహా వినెను. అన్యుని నోట వచ్చిన జ్ఞానమని దానిని త్రోసివేయలేదు.

5. శత్రువైన మిద్యాను

ఇంతటి మేలు చేసిన జనము కొద్దికాలములోనే శత్రువగుట చదువరికి బాధ కలిగించును. బిలామును పిలిపించుటకు మోయాబు పెద్దలతోకూడ మిద్యాను పెద్దలు పోయిరి (సంఖ్యా. 22:7). బయల్పెయోరు పాపమున మిద్యాను స్త్రీకి భాగము కలదు (25వ అధ్యాయము). అటుపిమ్మట 31వ అధ్యాయమున మిద్యానీయులతో జరిగిన యుద్ధపు కథ అతి కఠినమైనది. ఆ యుద్ధమునకు ఆజ్ఞ యిచ్చిన మోషే మిద్యాను అల్లుడు, మిద్యాను రొట్టె తినినవాడు, తన బిడ్డలలో మిద్యాను రక్తము గలవాడు. లేఖనము అతని మనస్సులోని బాధను చెప్పలేదు. అయినను శ్రద్ధగా చదువువాడు ఆ అధ్యాయమును తేలికగా దాటిపోజాలడు.

గిద్యోను కాలమున మిద్యానీయులు, అమాలేకీయులు, తూర్పువారు లెక్కలేనన్ని ఒంటెలతో వచ్చి, ఏడు సంవత్సరములు దేశమును దోచుకొనిరి (న్యాయా. 6:1–6). ఇశ్రాయేలీయులు విత్తనములు విత్తిన తరువాత వారు వచ్చుచుండిరని అక్కడ వ్రాయబడినది. దీని వెనుక ఎడారి ఆర్థికస్థితి యున్నది. గుడారవాసికి పాలు, ఉన్ని, ఉప్పు, రాగి కలవు, ధాన్యము లేదు. మంచి సంవత్సరములలో అతడు ధాన్యమును మారకముగా తీసికొనును. వాన తప్పిన సంవత్సరమున మందలు చచ్చినప్పుడు, మారకమునకు ఏమియు లేనప్పుడు, అదే ధాన్యమును దోచుకొనుటకు వచ్చును. ఈ కారణమును తెలిసికొనుట దోపిడిని సమర్థించుట కాదు. గోధుమలను గానుగచాటున దుళ్లగొట్టుకొనుచున్న గిద్యోను ఆకలియు నిజమే, అతని భయమును నిజమే. దేవుడు ఆ మొఱ్ఱ వినెను.

గిద్యోను విజయము తరువాతి సంగతి గమనింపదగినది. ఓడిపోయినవారి బంగారు పోగులను ప్రోగుచేసి తూచగా వేయి ఏడువందల తులములాయెను (న్యాయా. 8:26). దానితో అతడు చేసిన ఏఫోదు ఇశ్రాయేలీయులకు ఉరియైనది. మిద్యాను సైన్యము చేయలేని హానిని మిద్యాను బంగారము చేసెను. శత్రువునుండి విడిపింపబడినవాడు శత్రువు సొమ్మునకు దాసుడగుట క్రొత్త సంగతి కాదు.

6. కేనీయులును రేకాబీయులును

మిద్యాను కథ ఇంతటితో ముగిసినయెడల అది ద్వేషపు కథగానే మిగిలియుండును. కాని యిత్రో కుటుంబపు శాఖ యొకటి లేఖనమున మెల్లగా నడచివచ్చుచున్నది. వారిని కేనీయులని పిలిచిరి. మోషే తన మామ కుమారుడైన హోబాబును చూచి, ఎడారిలో ఎక్కడ దిగవలెనో తెలిసినవాడవు గనుక మాకు కన్నులవలె ఉండుమని వేడుకొనెను (సంఖ్యా. 10:29–32). పగలు మేఘస్తంభము, రాత్రి అగ్నిస్తంభము నడుపుచున్న జనమునకు మానవ మార్గదర్శి ఎందుకు? దేవుని నడిపింపు, పొరుగువాని అనుభవమును అక్కరలేనిదిగా చేయదు గనుక.

ఆ కేనీయులు యూదా అరణ్యమున స్థిరపడిరి (న్యాయా. 1:16). వారిలో హెబెరు భార్యయైన యాయేలు సీసెరానుండి ఇశ్రాయేలును విడిపించెను. సౌలు అమాలేకీయులమీద దండెత్తినప్పుడు, ఐగుప్తునుండి వచ్చిన దినమున మీరు మాకు ఉపకారము చేసితిరి గనుక వారి మధ్యనుండి వెడలిపొండని కేనీయులను హెచ్చరించి విడిచిపెట్టెను (1 సమూ. 15:6). ఒక బావియొద్ద పెట్టిన భోజనము కొన్ని వందల సంవత్సరముల తరువాత ఒక జనమును కత్తినుండి తప్పించెను.

రేకాబీయులు ఈ కేనీయుల సంతతివారని 1 దినవృత్తాంతములు 2:55 తెలుపుచున్నది. రేకాబు కుమారుడైన యోనాదాబు యెహూ రాజు కాలమున, క్రీ.పూ. 9వ శతాబ్దమున ఉండెను (2 రాజులు 10:15). ద్రాక్షారసము త్రాగరాదనియు, ఇల్లు కట్టరాదనియు, విత్తరాదనియు, ద్రాక్షతోట నాటరాదనియు, గుడారములలోనే నివసింపవలెననియు అతడు తన సంతతివారికి ఆజ్ఞాపించెను. సుమారు రెండున్నర శతాబ్దముల తరువాత, కల్దీయుల సైన్యమునకు భయపడి ఆ సంతతివారు యెరూషలేము గోడలలోనికి వచ్చిరి. యిర్మీయా వారిని దేవుని మందిరపు గదిలోనికి తోడుకొనిపోయి, ద్రాక్షారసపు పాత్రలు వారి ముందర పెట్టెను. వారు త్రాగలేదు.

యెహోవా ఆ సంగతిని యూదావారికి సాక్ష్యముగా చూపెను. మరణించిన మానవ పితరుని మాట వీరు తప్పలేదు. జీవముగల దేవుడు పదేపదే పలికినను మీరు వినలేదు, అని ఆ బోధ సారము. తుదకు తన సన్నిధిని నిలుచుటకు యోనాదాబు సంతతిలో ఒకడు ఎన్నడును ఉండకపోడని దేవుడు వాగ్దానము చేసెను (యిర్మీయా 35:19). మందిరపు గోడలు కూలిపోనైయున్న కాలమున ఆ వాగ్దానము ఎడారి గుడారపు బిడ్డలకు కలిగెను.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. దేవుడు మెచ్చినది వారి నమ్మకత్వమును; ఇల్లు కట్టకుండుటను ఆయన అందరికిని ధర్మముగా విధింపలేదు. అదే యిర్మీయా బబులోనులోని చెరవారికి ఉత్తరము వ్రాసి, ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, మీరున్న పట్టణపు క్షేమము కోరుడి అని హితవు చెప్పెను (29:5–7). ఒకరికి గుడారము, మరియొకరికి ఇల్లు. ఒకే ప్రవక్త నోట రెండును వచ్చినవి. రెండింటను అడుగబడినది ఒకటే: ఉన్నచోట దేవుని మాటకు లోబడియుండుట.

7. కేదారు మందలు

మిద్యానునకు దక్షిణ ఉత్తరములయందు కాలక్రమమున ఇష్మాయేలు సంతతివారైన అరబీయులు ప్రబలిరి. అష్షూరు రాజైన మూడవ షల్మనేసెరు క్రీ.పూ. 853లో కర్కారు యొద్ద ఎదుర్కొన్న సైన్యములలో, వేయి ఒంటెలతో వచ్చిన గిందిబు అను అరబీయుడుండెనని ఆ రాజు శాసనము చెప్పుచున్నది. ఇష్మాయేలు కుమారుడగు కేదారు పేరిట గల జనము వారిలో ముఖ్యమైనది. ఐగుప్తులోని తెల్ ఎల్ మస్ఖూటా యొద్ద దొరికిన, క్రీ.పూ. 5వ శతాబ్దపు వెండిపాత్రమీద, కేదారు రాజైన గెషెము కుమారుని పేరు చెక్కబడియున్నది. నెహెమ్యాను ఎదిరించిన అరబీయుడైన గెషెము (నెహె. 2:19) ఇతడే యై యుండునని పలువురి తలంపు.

కేదారు గుడారములలో కాపురముండుట కీర్తనకారునికి శ్రమగా తోచెను (120:5). కాని యెషయా 60వ అధ్యాయమున దృశ్యము మారిపోవుచున్నది. మిద్యాను ఒంటెలు మరల వచ్చుచున్నవి. ఈ మారు దోచుకొనుటకు గాక, బంగారమును ధూపద్రవ్యమును మోసికొని యెహోవాను స్తుతించుటకు వచ్చుచున్నవి. కేదారు గొఱ్ఱెమందలు, నెబాయోతు పొట్టేళ్లు ఆయన బలిపీఠమున అంగీకరింపబడుచున్నవి. గిద్యోను కాలమున భయము పుట్టించిన ఆ ఒంటెలే ఇక్కడ ఆరాధనకు వాహనములు. సంఖ్యాకాండపు యుద్ధము మిద్యానును గూర్చి దేవుని తుదిమాట కాదు. యిత్రో అర్పించిన బలి ఆరంభము. యెషయా చూచిన బలిపీఠము దాని నెరవేర్పు.

8. మనకు పాఠము

తెలుగుదేశమును సంచారజనులను ఎరుగును. లంబాడీలు ఎద్దులమీద ఉప్పును ధాన్యమును మోయుచు తీరమునుండి దక్కను పీఠభూమికి తిరిగిరి. రైలుమార్గములు వచ్చిన పిమ్మట ఆ వర్తకము క్షీణించినది. ఖరగ్‌పూరులో ఒక తెలుగు సమూహమునకు కూడు పెట్టిన రైలే మరియొక సమూహపు కూడు తీసివేసినది. దానిపై 1871లో ప్రభుత్వము చేసిన నేరస్థ జాతుల చట్టము, సంచార కులములనేకమును పుట్టుకతోనే దొంగలుగా లెక్కించుటకు త్రోవ తీసెను. ఆ చట్టము 1952లో రద్దయినది. చట్టము పోయినను అనుమానము పోలేదు. ఊరి చివర డేరాలు వేసికొనినవారిని చూచి తలుపులు మూసికొనునప్పుడు, న్యాయాధిపతుల 6వ అధ్యాయము మాత్రమే చదివి నిర్గమకాండము 2వ అధ్యాయమును మరచినవారమగుదుము. ఒక జనమునుండి కొందరు చేసిన కీడును జ్ఞాపకముంచుకొనుట సులభము. ఆ జనము పెట్టిన రొట్టెను జ్ఞాపకముంచుకొనుట విశ్వాసపు పని. సౌలువంటివాడు కూడ దానిని మరువలేదు.

యోహాను సువార్త 1:14లో, వాక్యమైనవాడు మన మధ్య నివసించెనని తెలుగులో చదువుదుము. ఆ నివసించుటకు గ్రీకు మూలమున వాడిన క్రియకు గుడారము వేసికొనుట అని అర్థము. దేవుని కుమారుడు ఇంటి యజమానిగా రాలేదు. గుడారము వేసికొనిన పొరుగువానిగా వచ్చెను. ఆయనను గూర్చి వచ్చినవాడెవడని అడిగి తలుపు మూసినవారు కలరు, నీళ్లు రొట్టె యిచ్చినవారును కలరు.

కావున క్వార్టరులో నివసించు విశ్వాసి రెండు మాటలను కూడ పట్టుకొనవలెను. ఇది నాది కాదని రేకాబీయుడు నేర్పును. అయినను ఇక్కడ నాటుమని చెరవారికి వ్రాసిన ఉత్తరము నేర్పును. తాళపుచెవి అప్పగించు దినము వచ్చువరకు ముంగిటి మామిడిచెట్టునకు నీళ్లు పోయుట వృథా కాదు. రాబోవు కుటుంబము ఏ భాషవారైనను, ఏ మతమువారైనను, దాని నీడ వారికి అందును. బావియొద్ద యిత్రో కుమార్తెలు తమ మందలకు చేదినది నీళ్లే. కాని ఆ దినమున ప్రారంభమైన ఉపకారపు జ్ఞాపకము యిర్మీయా కాలమువరకు ఎండిపోలేదు.

ధ్యాన ప్రశ్నలు

1. మోషేకు ఆశ్రయమిచ్చునప్పుడు మిద్యాను యాజకుని కుటుంబము అతనిగూర్చి ఎంతమాత్రము ఎరిగియుండెను? మనము సహాయము చేయుటకు ముందు ఏమేమి తెలిసికొనగోరుదుము?

2. యిత్రో సలహాను మోషే అంగీకరించెను. సంఘము వెలుపలివారినుండి జ్ఞానము వచ్చినప్పుడు దానిని మనమెట్లు పరీక్షింపవలెను?

3. యిర్మీయా 29:5–7, 35:6–10 వచనములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుడి. మీ కుటుంబపు ప్రస్తుత స్థితికి ఏది ఎక్కువ అవసరమైన మాట?

4. మీ పట్టణమున డేరాలలోనో, పేవుమెంటుమీదనో, తాత్కాలికపు పాకలలోనో నివసించువారెవరు? వారినుండి మీ కుటుంబము ఎన్నడైనను మేలు పొందెనా?

ప్రార్థన

గుడారవాసులైన మా పితరులకు దేవుడవైన ప్రభువా, మేము పరదేశులమైన దినములలో మాకు రొట్టె పెట్టినవారిని మరువనియ్యకుము. మా వాకిట నిలిచిన పరదేశిలో నీ ముఖమును చూచు కన్నులు దయచేయుము. మాది కాని ఇంటిలో నమ్మకముగా నివసించుటకును, మేము భుజింపని ఫలముల కొరకు నాటుటకును మాకు మనస్సు నిమ్ము. మిద్యాను ఒంటెలును కేదారు మందలును నీ బలిపీఠమునొద్దకు చేరు దినమును త్వరగా రప్పించుము. మా మధ్య గుడారము వేసికొనిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.